ఇంగ్లీష్ అడ్జెక్టివ్స్: "గా" దగ్గర మొదలయ్యే తప్పులు, వాటిని దిద్దుకునే పద్ధతి

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మా సీనియర్‌కి ఒక మెసేజ్ పెట్టా, "ఐ యామ్ వెరీ కన్ఫ్యూజింగ్ అబౌట్ దిస్ టాస్క్" అని. ఆయన "యెస్, సమ్‌టైమ్స్ యూ ఆర్" అని రిప్లై ఇచ్చి పక్కన ఒక స్మైలీ పెట్టారు. ఆ జోక్ ఏంటో నాకు రెండ్రోజుల దాకా వెలగలేదు. నేను చెప్పాలనుకుంది "నాకు కన్ఫ్యూజన్‌గా ఉంది" అని, నిజంగా చెప్పింది మాత్రం "నేను అందర్నీ తికమక పెట్టే మనిషిని" అని.

అప్పట్నుంచి నా తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయా. చివరికి తేలిందేంటంటే మనకి అడ్జెక్టివ్స్ రాక కాదు, బోలెడు వచ్చు, తెలుగులో మాట్లాడేటప్పుడు కూడా బోర్, టైట్, స్మార్ట్, సూపర్ అని రోజంతా వాడుతూనే ఉంటాం. చిక్కంతా తెలుగు వాక్యం అలవాటు ఇంగ్లీషులోకి దూరిపోవడంలోనే ఉంది, ముఖ్యంగా "గా", "కంటే" అనే రెండు చిన్న ముక్కలు. అందుకే ఈ గైడ్‌ని గ్రామర్ పుస్తకం వరసలో కాకుండా మనం తప్పు చేసే వరసలో రాస్తున్నా.

మొదటి స్టెప్: అడ్జెక్టివ్ ఎక్కడ కూర్చుందో చూడండి

అడ్జెక్టివ్ అంటే మన విశేషణమే, ఒక నౌన్ ఎలాంటిదో చెప్పే మాట. ఇంగ్లీషులో దానికి ప్రధానంగా రెండు సీట్లు ఉంటాయి. ఒకటి నౌన్‌కి సరిగ్గా ముందు: "ఎ టాల్ బాయ్". రెండోది "ఈజ్, ఆర్, వాజ్" లాంటి వెర్బ్ తర్వాత: "ది బాయ్ ఈజ్ టాల్". రెండు చోట్లా మాట అదే, "టాల్" ఏమీ మారలేదు.

తెలుగులో అలా కాదు కదా. నౌన్ ముందైతే "మంచి అబ్బాయి", "మంచి పిల్లలు" అంటాం, కానీ వాక్యం చివరికి వచ్చేసరికి "వాడు మంచివాడు, ఆమె మంచిది, వాళ్ళు మంచివాళ్ళు" అని మనిషిని బట్టి మారిపోతుంది. ఇంగ్లీషులో ఆ గొడవే లేదు, ఆడా మగా, ఒకరా పదిమందా, అన్నిటికీ "గుడ్" ఒకటే. పాత ఇంగ్లీషులో అడ్జెక్టివ్స్ కూడా లింగం, వచనం, విభక్తిని బట్టి మారేవి, తర్వాత శతాబ్దాల్లో ఆ తోకలన్నీ రాలిపోయాయి. అంచేత "టాల్స్ బాయ్స్" లాంటివి ఉండవు.

ఇదంత తేలికైనా ఒక చోట మాత్రం అందరం జారిపడతాం. "నాకు ఐదేళ్ళ కొడుకున్నాడు" అనడానికి "ఎ ఫైవ్-ఇయర్స్-ఓల్డ్ సన్" అనేస్తాం. ఇక్కడ "ఫైవ్-ఇయర్-ఓల్డ్" మొత్తం కలిసి ఒక అడ్జెక్టివ్ అయిపోయింది, అడ్జెక్టివ్‌కి ప్లూరల్ ఉండదు కాబట్టి "ఇయర్స్"లో ఎస్ తీసేయాలి. "ఎ టెన్-మినిట్ బ్రేక్", "ఎ సిక్స్-మంత్ కోర్స్" కూడా అంతే. అదే నౌన్ ముందు నుంచి బయటికి వచ్చేస్తే ఎస్ తిరిగొస్తుంది: "మై సన్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్".

రెండో స్టెప్: "గా" ని రెండుగా విడగొట్టండి

ఈ గైడ్‌లో ఒక్కటే చదివే టైముంటే ఇది చదవండి చాలు.

"ఆమె అందంగా ఉంది", "ఆమె అందంగా పాడింది". తెలుగులో రెండు చోట్లా "అందంగా"నే. ఇంగ్లీషులో మొదటిది "షి ఈజ్ బ్యూటిఫుల్", రెండోది "షి సాంగ్ బ్యూటిఫుల్లీ". అంటే మన "గా" ఒక్కటే రెండు ఉద్యోగాలు చేస్తోంది, ఇంగ్లీషువాళ్ళు ఆ రెండిటికీ ఇద్దర్ని పెట్టుకున్నారు, ఒకరు అడ్జెక్టివ్, ఇంకొకరు యాడ్‌వెర్బ్, అంటే పని ఎలా జరిగిందో చెప్పే మాట.

మరి ఎక్కడ ఏది వాడాలో ఎలా తెలుస్తుంది? తెలుగు వాక్యమే చెప్పేస్తుంది. "గా" తర్వాత వచ్చిన క్రియ చూడండి. ఉంది, ఉన్నాడు, అయింది, మారింది, కనిపిస్తోంది, అనిపిస్తోంది, ఇలా ఒక స్థితిని చెప్పే క్రియ వస్తే అడ్జెక్టివ్. పాడింది, నడిచాడు, రాసింది, మాట్లాడాడు, ఇలా ఒక పని చెప్పే క్రియ వస్తే యాడ్‌వెర్బ్. "హ్యాపీగా ఉన్నాడు" అంటే "హి ఈజ్ హ్యాపీ". "హ్యాపీగా బతుకుతున్నాడు" అంటే "హి లివ్స్ హ్యాపిలీ". "ఆకాశం నల్లగా మారింది" అంటే "ది స్కై టర్న్డ్ బ్లాక్". నేను చాలా వాక్యాల మీద ట్రై చేశా, నూటికి తొంభై సార్లు పనిచేస్తుంది.

మిగతా పదిలో "లుక్, ఫీల్, స్మెల్, టేస్ట్, సౌండ్" అనే ఐదు వెర్బ్స్ ఉంటాయి, ఇవి వేషం మారుస్తుంటాయి. "షి లుక్డ్ యాంగ్రీ" అంటే ఆమె కోపంగా కనిపించింది, "లుక్డ్" ఇక్కడ "ఈజ్" లాంటిదే, అందుకే అడ్జెక్టివ్. "షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మి" అంటే ఆమె నావైపు కోపంగా చూసింది, ఇది పని, అందుకే యాడ్‌వెర్బ్. టెస్ట్ ఏంటంటే ఆ వెర్బ్ తీసేసి అక్కడ "ఈజ్" లేదా "వాజ్" పెట్టి చూడండి, వాక్యానికి అర్థం నిలబడితే అడ్జెక్టివ్ వాడాలి. "ది ఫ్లవర్ స్మెల్స్ స్వీట్", "ది ఫ్లవర్ ఈజ్ స్వీట్", నిలబడింది. కాబట్టి "స్మెల్స్ స్వీట్‌లీ" అనకూడదు.

ఇంకో మోసం ఎల్‌వై తోక. అది ఉంటే యాడ్‌వెర్బ్ అని స్కూల్లో బట్టీ పట్టాం, కానీ ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ, సిల్లీ ఇవన్నీ అడ్జెక్టివ్సే. "హి స్పోక్ ఫ్రెండ్లీ" అంటే తప్పు, "హి స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే" అని తిప్పి చెప్పుకోవాలి. దీనికి రివర్స్‌లో "హార్డ్", "ఫాస్ట్" అడ్జెక్టివ్‌గానూ యాడ్‌వెర్బ్‌గానూ అదే రూపంలో ఉంటాయి. "ఐ వర్క్ హార్డ్" అంటే కష్టపడి పనిచేస్తా. తోక తగిలించి "ఐ హార్డ్‌లీ వర్క్" అన్నారనుకోండి, "నేను దాదాపు పనే చెయ్యను" అని మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టు.

మూడో స్టెప్: "నాకు" ఉంటే ఈడీ

ఇప్పుడు నా కన్ఫ్యూజింగ్ కథకి వద్దాం. బోర్డ్/బోరింగ్, ఎక్సైటెడ్/ఎక్సైటింగ్, ఇంట్రెస్టెడ్/ఇంట్రెస్టింగ్, టైర్డ్/టైరింగ్. చివర్లో ఐఎన్‌జీ ఉన్నది ఆ ఫీలింగ్ పుట్టించేది, ఈడీ ఉన్నది ఆ ఫీలింగ్ కలిగినది, ఇంతవరకు అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. అది తెలిసి కూడా మాట్లాడేటప్పుడు ఎందుకు తప్పుతామంటే అంత ఆలోచించే టైముండదు.

దీనికి తెలుగులోనే ఒక షార్ట్‌కట్ ఉంది. ఫీలింగ్ ఎవరికి కలిగిందో వాళ్ళకి మనం "కి" లేదా "కు" తగిలిస్తాం: నాకు బోర్ కొడుతోంది, అతనికి ఇంట్రెస్ట్‌గా ఉంది, పిల్లలకి ఆశ్చర్యమేసింది. ఆ "కి, కు" ఉన్నవాళ్ళకి ఇంగ్లీషులో ఈడీ. "ఐ యామ్ బోర్డ్", "హి ఈజ్ ఇంట్రెస్టెడ్", "ది చిల్డ్రన్ వర్ సర్‌ప్రైజ్డ్". "కి, కు" లేకుండా "క్లాసు బోర్‌గా ఉంది" అంటే "ది క్లాస్ ఈజ్ బోరింగ్". మనిషికి కూడా ఐఎన్‌జీ రావచ్చు, "హి ఈజ్ బోరింగ్" కరెక్ట్ వాక్యమే, కాకపోతే అది ఆయన పక్కన లేనప్పుడు అనే మాట.

ఈ ఈడీ మాటల వెనక, ఇంకొన్ని అడ్జెక్టివ్స్ వెనక వచ్చే చిన్న మాటలు కూడా జంటగా నేర్చుకోండి, విడిగా నేర్చుకుంటే తెలుగు "తో, లో" లని అనువాదం చేసేస్తాం. ఇంట్రెస్టెడ్ ఇన్, బోర్డ్ విత్, గుడ్ ఎట్, అఫ్రెయిడ్ ఆఫ్, డిఫరెంట్ ఫ్రమ్, రెస్పాన్సిబుల్ ఫర్. "ఆయనతో పెళ్ళయింది" అంటాం కదా అని "మ్యారీడ్ విత్" అనకండి, అది "మ్యారీడ్ టు". "లెక్కల్లో దిట్ట" అంటే "గుడ్ ఎట్ మ్యాథ్స్".

నాలుగో స్టెప్: పోలిక చెప్పేటప్పుడు "కంటే" ఒక్కటే సరిపోదు

"అన్న కంటే తమ్ముడు పొడుగు." ఈ వాక్యంలో పోలిక అంతా "కంటే" మోస్తోంది, "పొడుగు" అనే మాట కదల్లేదు మెదల్లేదు. తెలుగులో అడ్జెక్టివ్‌కి కంపారిటివ్ రూపమే లేదు, "ఇంకా" అనో "ఎక్కువ" అనో ముందు పెట్టుకుంటాం అంతే. ఇంగ్లీషులో రెండు చోట్లా గుర్తు పెట్టాలి, "దెన్" ఒకటి, అడ్జెక్టివ్‌కి ఈఆర్ ఒకటి. అందుకే కొందరు "హి ఈజ్ టాల్ దెన్ మి" అని ఒక గుర్తు మర్చిపోతారు, కొందరు భయపడి "మోర్ టాలర్" అని ఒకటి ఎక్కువ పెడతారు. డబుల్ కంపారిటివ్ 16వ శతాబ్దం ఇంగ్లీషులో మామూలుగానే నడిచేది, ఇప్పుడు మాత్రం తప్పు కింద లెక్క.

ఈఆర్ పెట్టాలా "మోర్" పెట్టాలా అనేది నోటితో పలికి తేల్చుకోవచ్చు. ఒక్క దెబ్బలో, అంటే ఒక్క సిలబుల్‌గా పలికే మాటలకి ఈఆర్, ఈఎస్‌టీ: టాల్, టాలర్, టాలెస్ట్. మూడు దెబ్బలు, ఆపైన ఉంటే మోర్, మోస్ట్: మోర్ బ్యూటిఫుల్, మోస్ట్ ఎక్స్‌పెన్సివ్. మధ్యలో రెండు దెబ్బల మాటలే తలనొప్పి. వాటిలో వై తో ముగిసేవి ఐఈఆర్ అవుతాయి, హ్యాపీ హ్యాపియర్, ఈజీ ఈజియర్. సింపుల్, న్యారో లాంటివి కూడా ఈఆర్ తీసుకుంటాయి. మిగతావాటికి అనుమానమొస్తే మోర్ పెట్టేయండి, పెద్దగా ప్రమాదం లేదు. స్పెల్లింగ్‌లో బిగ్, హాట్, థిన్ లాంటి పొట్టి మాటలకి చివరి అక్షరం రెండుసార్లు రాయాలి, అది మర్చిపోకండి.

గుడ్ బెటర్ బెస్ట్, బ్యాడ్ వర్స్ వర్స్ట్, లిటిల్ లెస్ లీస్ట్, మెనీ మోర్ మోస్ట్. ఇవి బట్టీ పట్టాల్సిందే, వేరే దారి లేదు.

"ఇది చాలా బెటర్" అనే మాట తెలుగులో ఎంత సహజమో, "వెరీ బెటర్" ఇంగ్లీషులో అంత తప్పు. కంపారిటివ్ ముందు "వెరీ" రాదు, "మచ్ బెటర్", "ఎ లాట్ బెటర్", "ఫార్ బెటర్" అనాలి.

సూపర్లేటివ్‌లో, అంటే "అందరికంటే" అని చెప్పే బెస్ట్, టాలెస్ట్ లాంటి రూపంలో, ఎక్కువమంది పడే గొయ్యి ఇది: "హి ఈజ్ వన్ ఆఫ్ ది బెస్ట్ ప్లేయర్". బెస్ట్ ప్లేయర్స్ ఒక గుంపు ఉన్నారు, వాళ్ళలో ఈయన ఒకడు, గుంపంటే ప్లూరలే కదా, "వన్ ఆఫ్ ది బెస్ట్ ప్లేయర్స్". టీవీ కామెంటరీలో కూడా ఈ ఎస్ ఎగిరిపోతుంటుంది.

సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్ అనేవి లాటిన్ నుంచి వచ్చిన మాటలు, అక్కడ అవి పుట్టుకతోనే కంపారిటివ్స్. అందుకే వాటి తర్వాత "దెన్" బదులు "టు" పెడతాం: "షి ఈజ్ సీనియర్ టు మి". ఎల్డర్ ఇంకో రకం, "మై ఎల్డర్ బ్రదర్" అనొచ్చు కానీ "హి ఈజ్ ఎల్డర్ దెన్ మి" అనకూడదు, అక్కడ "ఓల్డర్ దెన్ మి".

ఐదో స్టెప్: నాలుగైదు అడ్జెక్టివ్స్ వరసగా వస్తే

"లార్డ్ ఆఫ్ ది రింగ్స్" రాసిన జె. ఆర్. ఆర్. టోల్కీన్ ఏడేళ్ళప్పుడు ఒక డ్రాగన్ మీద కథ రాసే ప్రయత్నం చేశాడట. అమ్మకి చూపిస్తే ఆవిడ కథ గురించి ఏమీ అనకుండా "గ్రీన్ గ్రేట్ డ్రాగన్" అనకూడదు, "గ్రేట్ గ్రీన్ డ్రాగన్" అనాలి అని మాత్రం చెప్పిందట. అలా ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదని ఆయన 1955లో కవి డబ్ల్యు. హెచ్. ఆడెన్‌కి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. అంత పెద్ద భాషా పండితుడే అలా అన్నాక మనం ఎందుకో అని జుట్టు పీక్కోవడం అనవసరం, వరస తెలిస్తే చాలు.

వరస ఇదీ: ముందు మన అభిప్రాయం, తర్వాత సైజు, వయసు, ఆకారం, రంగు, ఎక్కడిది, దేంతో చేశారు, దేనికి వాడతారు. వయసు, ఆకారం ఒక్కోసారి చోటు మార్చుకుంటాయి. వీటన్నిటికంటే ముందు ది, మై, దిస్, టూ, త్రీ లాంటివి ఉంటాయి. "మై టూ లవ్లీ ఓల్డ్ బ్లాక్ లెదర్ బ్యాగ్స్". ఇంత పొడవు రాస్తే చదివేవాళ్ళకి ఊపిరాడదు, రెండు మూడు దాటకుండా చూసుకోండి.

నిజానికి ఇది మనకి మరీ కొత్త కాదు. "అందమైన పెద్ద పాత చెక్క బల్ల" అని చదవండి. ఇప్పుడు "చెక్క పాత పెద్ద అందమైన బల్ల" అని చదవండి. రెండోది చెవిలో రాయి పడ్డట్టు లేదూ? దేంతో చేశారో ఆ మాట వస్తువుకి దగ్గరగా ఉండాలి, మన అభిప్రాయం దూరంగా ఉండాలి, రెండు భాషల చెవులకీ ఇది తెలుసు. అనుమానమొస్తే తెలుగులో పలికి చూసుకోండి.

కామా పెట్టాలా వద్దా అనేదానికి చిన్న టెస్ట్ ఉంది. రెండు అడ్జెక్టివ్స్ మధ్య "అండ్" పెట్టినా, అటుదిటు మార్చినా బాగానే ఉంటే కామా పెట్టండి: "ఎ లాంగ్, టైరింగ్ డే". బాగోకపోతే వద్దు: "ఎ బిగ్ రెడ్ బాల్".

ఆరో స్టెప్: సీటు మారితే అర్థం మారేవి

కొన్ని అడ్జెక్టివ్స్‌కి ఒకటే సీటు. ఎస్లీప్, అలైవ్, అఫ్రెయిడ్, అవేక్, అలోన్ లాంటివి నౌన్ ముందు కూర్చోవు. "ది బేబీ ఈజ్ ఎస్లీప్" ఓకే, "ఎన్ ఎస్లీప్ బేబీ" కాదు, "ఎ స్లీపింగ్ బేబీ". దీనికి రివర్స్ "మెయిన్", "మియర్" (కేవలం), "ఫార్మర్" (మాజీ). "ది మెయిన్ రీజన్" అనొచ్చు, "దిస్ రీజన్ ఈజ్ మెయిన్" అనలేం.

ఇంకొన్ని నౌన్ వెనక కూర్చుంటాయి. "సమ్‌థింగ్ స్పెషల్", "నథింగ్ న్యూ" రోజూ వినేవే. "అటార్నీ జనరల్", "కోర్ట్ మార్షల్" లాంటి పదవుల, కోర్టుల మాటల్లో అడ్జెక్టివ్ వెనక ఉండటానికి కారణం ఫ్రెంచ్. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక చాలాకాలం పాలనా, న్యాయం ఫ్రెంచ్‌లో నడిచాయి, ఆ వరస అలాగే మిగిలిపోయింది. అందుకే పాత పద్ధతిలో ప్లూరల్ "అటార్నీస్ జనరల్", నౌన్‌కే ఎస్.

ఆఫీసు లెటర్లు రాసేవాళ్ళు జాగ్రత్తగా చూడాల్సిన మాట "కన్సర్న్‌డ్". సంబంధిత అధికారి అనే అర్థంలో "ది కన్సర్న్‌డ్ ఆఫీసర్" అని మన దగ్గర దాదాపు ప్రతి అర్జీలో ఉంటుంది, మనలో మనకి అర్థమైపోతుంది కూడా. కానీ బయటివాళ్ళు చదివితే పాపం ఆ ఆఫీసర్ దేనిగురించో ఆందోళన పడుతున్నాడు అనుకుంటారు. సంబంధిత అనే అర్థం కావాలంటే వెనక పెట్టాలి: "ది ఆఫీసర్ కన్సర్న్‌డ్". "ది రెస్పాన్సిబుల్ పర్సన్" అంటే బాధ్యత తెలిసిన మనిషి, "ది పర్సన్ రెస్పాన్సిబుల్" అంటే ఆ పనికి కారణమైన మనిషి, ఒక్కోసారి తప్పు చేసినవాడు కూడా. ఇంత తేడా.

ఏడో స్టెప్: చిన్న మాటలు, పెద్ద తేడాలు

"ఎ ఫ్యూ ఫ్రెండ్స్" అంటే కొంతమంది ఫ్రెండ్స్ ఉన్నారు, "ఫ్యూ ఫ్రెండ్స్" అంటే ఫ్రెండ్స్ పెద్దగా లేరు. ఆ ఒక్క "ఎ" లేకపోతే వాక్యం దిగాలుగా మారిపోతుంది. "ఎ లిటిల్ టైమ్", "లిటిల్ టైమ్" కూడా అంతే. లెక్కపెట్టగలిగేవాటికి ఫ్యూ, మెనీ, లెక్కపెట్టలేనివాటికి లిటిల్, మచ్.

"ఎ" నా "ఎన్" నా అనేది పక్కనున్న మాటని బట్టే, నౌన్‌ని బట్టి కాదు. "ఎన్ అంబ్రెల్లా" కానీ "ఎ బిగ్ అంబ్రెల్లా". అక్షరం కాదు, శబ్దం చూడాలి: "ఎన్ ఆనెస్ట్ మ్యాన్" కానీ "ఎ యూస్‌ఫుల్ ఐడియా".

"టూ గుడ్" అని మెచ్చుకోవడం మనకి బాగా అలవాటు. ఇంగ్లీషులో "టూ" అంటే "మరీ, హద్దు దాటి" అని. "దిస్ బ్యాగ్ ఈజ్ టూ హెవీ" అంటే మోయలేనంత బరువు. మెచ్చుకోవాలంటే "వెరీ గుడ్", "రియల్లీ గుడ్".

ఎక్సలెంట్, ఎగ్జాస్టెడ్, ఫ్రీజింగ్ లాంటివి ఇప్పటికే పీక్‌లో ఉన్న మాటలు, వాటి ముందు "వెరీ" పెడితే అతకదు, "అబ్సల్యూట్లీ" పెట్టుకోవచ్చు. "యునీక్", "పర్ఫెక్ట్" కి మోర్, వెరీ పెట్టకూడదని గ్రామర్ టీచర్లు గట్టిగా చెప్తారు. కానీ 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం మొదటి వాక్యంలోనే "మోర్ పర్ఫెక్ట్ యూనియన్" అని ఉంది. నా సలహా, పరీక్షలో టీచర్ మాట వినండి, బయట ఎవరైనా "మోర్ పర్ఫెక్ట్" అంటే మాత్రం దిద్దడానికి వెళ్ళకండి.

ఎనిమిదో స్టెప్: ఒక మెయిల్ రిపేర్ చేద్దాం

ఉద్యోగానికి పెట్టిన ఒక మెయిల్ ఇలా ఉందనుకోండి, నేనే తయారుచేశా, కానీ ఇలాంటివి నేనూ ఒకప్పుడు పంపినవాణ్ణే:

"ఐ యామ్ వెరీ ఎక్సైటింగ్ టు అప్లై. ఐ డిడ్ ఎ సిక్స్-మంత్స్ కోర్స్ అండ్ ఐ వజ్ వన్ ఆఫ్ ది బెస్ట్ స్టూడెంట్. మై ఇంగ్లీష్ ఈజ్ వెరీ బెటర్ నౌ. ఐ ఫీల్ హ్యాపిలీ ఇన్ ఎ టీమ్ అండ్ ఐ వర్క్ హార్డ్‌లీ."

మొదటి వాక్యం: ఎక్సైట్‌మెంట్ ఎవరికి? నాకు. "కు" ఉంది కాబట్టి "ఎక్సైటెడ్". రెండో వాక్యంలో కోర్సు ముందు కూర్చున్నది అడ్జెక్టివ్, ఎస్ తీసేస్తే "సిక్స్-మంత్ కోర్స్", తీసేసిన ఎస్‌ని పారేయకుండా పట్టుకెళ్ళి "బెస్ట్ స్టూడెంట్స్" కి పెట్టండి, అక్కడ అవసరం. మూడోది "మచ్ బెటర్". నాలుగోదాంట్లో "ఫీల్" తీసి "యామ్" పెట్టి చూస్తే "ఐ యామ్ హ్యాపీ" అని నిలబడుతోంది, అంటే "ఐ ఫీల్ హ్యాపీ". చివర్లో "హార్డ్" కి తోక కత్తిరించండి, లేకపోతే ఇంటర్వ్యూకి పిలిచేవాళ్ళు కూడా పక్కన ఒక స్మైలీ పెట్టి వదిలేస్తారు.